కాలువ కడిగే ముందు ఒక సీసా నింపండి

సంపాదకులకు నమస్కారం.

నగరంలోని కాలువలో చమురు తెట్టు కట్టిందని మొన్న మీ పత్రికలో వార్త చదివాను. ఫొటో కూడా వేశారు. ఒకతను పైపు పట్టుకుని గట్టు కడుగుతున్నాడు, పక్కన ఇంకొకతను బకెట్‌లో సబ్బు పొడి కలుపుతున్నాడు, వెనకాల అధికారులెవరో నిలబడి చూస్తున్నారు. వార్త చివర్లో షరా మామూలే, "చమురు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియరాలేదు" అని. ఎలా తెలుస్తుంది? ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగేది ఆ తెట్టు ఒక్కటే, దాన్నేమో నలుగురి ముందూ కడిగి పంపించేశారు.

చమురు నమూనాలు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం చేసి రిటైరయ్యాను కాబట్టి చదివి ఊరుకోలేక రాస్తున్నాను. ఊరి మధ్యలో పారే కాలువలోకి నూనె ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. సముద్రంలో అయితే నూనె వదిలిన ఓడ తెల్లారేసరికి ఎక్కడుంటుందో తెలియదు. ఇక్కడ పైపులు లేచి పారిపోవు కదా. కాలువలో కలిసే తూములు లెక్క పెట్టగలిగినన్నే ఉంటాయి, ఒక్కో తూము వెనక ఒక్కో లైను, ఆ లైను మీద వరసగా మ్యాన్‌హోళ్లు. వెతుక్కుంటూ పైకి వెళ్తే ఎక్కడో ఒక చోట ఆగి తీరాలి. కాకపోతే ఆ వెతుకులాట మొదటి కొన్ని గంటల్లో జరగాలి. మనవాళ్లు ఆ గంటల్ని కడగడానికి వాడేసి, మూడో రోజు తీరిగ్గా విచారణ మొదలుపెడతారు.

అసలు అది నూనేనా కాదా అన్నది ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే కాలువ మీద కనిపించే ప్రతి మెరుపూ చమురు కాదు. నిలవ నీళ్లలో ఇనుము ఎక్కువగా ఉన్నచోట ఒక రకం బ్యాక్టీరియా కూడా అచ్చం డీజిల్ తెట్టులాగే రంగులు తేలే పొర కడుతుంది. ఒక పుల్ల తీసుకుని ఆ పొరను కదిపి చూడండి. బ్యాక్టీరియా పొరయితే అద్దం పగిలినట్టు ముక్కలుగా విడిపోయి, ఆ ముక్కలు అలాగే విడివిడిగా ఉండిపోతాయి. చమురయితే పుల్ల దాటగానే చీలిక మూసుకుపోయి మళ్లీ ఒక్కటైపోతుంది, రంగులు సుడి తిరుగుతాయి. దీనికి ల్యాబ్ అక్కర్లేదు, సైంటిస్టూ అక్కర్లేదు. వాసన కూడా సాయం చేస్తుంది గానీ, దాన్నే పట్టుకుని ముక్కు దగ్గరగా పెట్టి గట్టిగా పీల్చే పని మాత్రం చేయకండి.

తర్వాత ఎంత నూనె అన్నది. ఇక్కడ మీ విలేకర్లతో నాకు చిన్న పేచీ ఉంది. "వేలాది లీటర్ల చమురు" అని చటుక్కున రాసేస్తారు. రంగు చూసి మందం అంచనా వేసే పద్ధతి ఒకటి ఉంది. ఉత్తర సముద్రం చుట్టూ ఉన్న దేశాలు చేసుకున్న బాన్ ఒప్పందం కింద, విమానం మీద నుంచి తెట్టును చూసేవాళ్ల కోసం తయారు చేసింది. వెండి రంగులో సన్నగా మెరిస్తే మందం 0.04 నుంచి 0.3 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే 0.3 నుంచి 5 మైక్రాన్లు. లోహంలా మెరిస్తే 5 నుంచి 50. ఆపైన నూనె అసలు రంగు, నలుపో గోధుమ రంగో, బయటపడటం మొదలవుతుంది. ఒక మైక్రాన్ మందం అంటే చదరపు మీటరుకు ఒక మిల్లీలీటరు నూనె అన్నమాట. లెక్క వేసి చూడండి. 10 మీటర్ల వెడల్పున్న కాలువ ఒక కిలోమీటరు పొడవునా రంగురంగులుగా మెరుస్తోందంటే అందులో ఉన్నది 3 లీటర్లు కావచ్చు, 50 లీటర్లు కావచ్చు. ఒక్క డబ్బా ఒంపినా అంత మేర భయపెట్టగలదు. అదే కాలువ అంతే పొడవున నల్లటి పొరతో, 200 మైక్రాన్లు దాటి ఉందంటే మాత్రం 2,000 లీటర్ల పైమాటే, అప్పుడు వెతకాల్సింది డబ్బాను కాదు, ట్యాంకునో పైపులైనునో. రంగు ఎందుకు చూడాలంటే ఇందుకు. ఎవరి మీద అనుమానపడాలో సగం అక్కడే తేలిపోతుంది.

ఇంకో సంగతి కూడా గమనించాలి, తెట్టు పొద్దున ఉండి సాయంత్రానికి పోయిందా, రోజూ అదే వేళకు వస్తోందా, లేక ఆగకుండా వస్తూనే ఉందా. ఒక్కసారి వచ్చి పోయింది ఎవరో ఒంపింది కావచ్చు. రోజూ ఒకే వేళకు వచ్చేది ఎక్కడో షిఫ్టు దిగేటప్పుడు నేల కడిగేది కావచ్చు. రాత్రీ పగలూ సన్నగా వస్తూనే ఉండేది ఉంది చూశారా, దాంతోనే అసలు తలనొప్పి, దాని గురించి తర్వాత చెబుతాను.

ఇక మూలం వెతకడం. అందరూ చేసే మొదటి పొరపాటు, తెట్టు ఎక్కడ కనిపిస్తే అక్కడ చుట్టూ చూడటం. తెట్టు కనిపించేది నీళ్లు నెమ్మదించే చోట, వంతెన స్తంభాల దగ్గర, గుర్రపుడెక్క అడ్డం పడ్డ చోట, మలుపులో. అది చేరిన చోటు, పుట్టిన చోటు కాదు. గాలి కూడా తెట్టును తన వేగంలో దాదాపు మూడు శాతం వేగంతో నెడుతుంది, అందుకే నీళ్లు ఇటు పారుతున్నా నూనె అవతలి గట్టుకు అంటుకుని కనిపిస్తుంది, అవతలి గట్టు మీద ఉన్నవాడు అనవసరంగా మాట పడతాడు. సముద్రానికి దగ్గర్లో ఉన్న కాలువలైతే ఇంకో చిక్కు, పోటు వేళ నీళ్లు వెనక్కి తంతాయి, నూనె కూడా వాటితోపాటు ఎగువకు ఎక్కుతుంది. అలాంటి చోట పోటూ పాటూ ఏ గంటకు ఏది నడిచిందో రాసుకోకుండా బయల్దేరితే వెతికేది తలకిందులుగా వెతికినట్టే.

సరైన పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. తెట్టు మొదలైన చోటు నుంచి ఎగువకు నడుస్తూ, నూనె ఉన్న ఆఖరి తూము ఏది, నూనె లేని మొదటి తూము ఏది అన్నది పట్టుకోవాలి. తూము దొరికాక కాలువను వదిలేసి ఆ లైను మీద పడాలి. మొదటి మ్యాన్‌హోల్ మూత తీస్తారు. టార్చి వేస్తే కింద నీళ్లు కనిపిస్తాయి గానీ ఆ చీకట్లో, ఆ మురికిలో సన్నటి నూనె పొర కంటికి ఆనదు. అందుకని నూనెను మాత్రమే పీల్చి నీటిని పీల్చని తెల్లటి ప్యాడ్ ఒకటి తాడుకు కట్టి దించుతారు. నీటి మీద కాసేపు తేలనిచ్చి పైకి లాగితే, నూనె ఉంటే ప్యాడ్ అంచున మొదలై లోపలికి పాకిన మరక ఉంటుంది. డీజిలయితే లేత పసుపో ఎరుపో, వాడేసిన ఇంజిన్ ఆయిలయితే మసి నలుపు. లేకపోతే ప్యాడ్ మురుగు రంగులో తడిసి వస్తుంది, అంతే. రెండు లైన్లు కలిసే మ్యాన్‌హోల్ దగ్గరే అసలు పని, ఎడమ లైను నోటి దగ్గర ఒక ప్యాడ్, కుడి లైను నోటి దగ్గర ఒక ప్యాడ్. ఏది నల్లబడితే అటు తిరగాలి. ఇలా ఒక్కో కూడలిలో సగం ఊరు అనుమానం నుంచి తప్పుకుంటూ పోతుంది. వాన లేని రోజయితే ఇంకా మంచిది, వాన నీటి లైనులో అసలు నీళ్లే ఉండకూడదు కాబట్టి ఎండ కాస్తున్న రోజున ఏ లైనులో నీళ్లు పారుతున్నాయో అదే ముందు అనుమానించాల్సింది. చివరికి రెండు మూడు గేట్ల దగ్గర ఆగాక, ఏ ఆవరణలోని జాలీ ఏ లైనులోకి పోతోందో తేల్చడానికి రంగు కలిపిన నీళ్లు పోసి చూస్తారు, ఆకుపచ్చగా మెరిసే ఫ్లోరెసిన్ లాంటి రంగు. లోపల ఒకరు పోస్తే బయట మ్యాన్‌హోల్ దగ్గర ఒకరు చూస్తారు. "మా నీళ్లు అటు పోవండీ" అనే వాదన అక్కడితో ముగుస్తుంది. నక్షాలో లేని కనెక్షన్లు బయటపడేది కూడా ఇప్పుడే. నక్షా ఎప్పుడూ కట్టినప్పటిది, ఆ తర్వాత ఎవరి అవసరం కొద్దీ వాళ్లు పైపులు కలిపేసుకుని ఉంటారు.

ఇదంతా చదివి ఉత్సాహం కొద్దీ ఎవరూ మ్యాన్‌హోల్ మూతలు ఎత్తకండి. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఒక్క పీల్పులో మనిషిని పడగొట్టగలదు, దాని మోతాదు పెరిగితే ముందు వాసన పసిగట్టే శక్తే పోతుంది కాబట్టి ప్రమాదం ఉందని కూడా తెలియదు. పెట్రోలు ఆవిరి ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. మెక్సికోలోని గ్వాడలహారాలో 1992 ఏప్రిల్ 22న అదే జరిగింది. పెట్రోలు పైపులైనుకు మరీ దగ్గరగా జింకు పూత పూసిన నీటి పైపు వేశారు, రెండు లోహాల మధ్య రసాయన చర్యకు ఉక్కు పైపు తుప్పు పట్టి చిల్లు పడింది, పెట్రోలు మెల్లగా డ్రైనేజీలోకి దిగింది. అప్పటికే మెట్రో పనుల కోసం అక్కడి మురుగు లైనును కిందికి వంచి వేశారు, నీళ్లు ఆ వంపులోంచి వెళ్లిపోయాయి గానీ నీళ్లకంటే తేలికైన పెట్రోలు, దాని ఆవిరి అక్కడే ఆగిపోయాయి. పేలుళ్లకు దాదాపు ఎనిమిది కిలోమీటర్ల వీధులు తెరుచుకున్నాయి, 200 మందికి పైగా చనిపోయారు. అంతకు ముందు కొన్ని రోజులుగా జనం పెట్రోలు వాసన వస్తోందని చెబుతూనే ఉన్నారు. అధికారులు వచ్చి చూశారు కూడా. చూశారు గానీ ఎక్కడి నుంచి వస్తోందో తేలేదాకా వెతకలేదు, వీధులు ఖాళీ చేయించలేదు. కాలువలో తెట్టు అంటే చేపలు చావడం, గట్టు మురికవడం అని మాత్రమే అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు నా సొంత గోడు, సీసా గురించి. మా ల్యాబ్‌కు కూల్‌డ్రింక్ బాటిళ్లలో, మంచినీళ్ల ప్లాస్టిక్ బాటిళ్లలో నమూనాలు వచ్చేవి. ప్లాస్టిక్ నూనెను పీల్చుకుంటుంది, తనలోని రసాయనాలు నూనెలోకి వదులుతుంది. గాజు సీసా కావాలి, శుభ్రంగా ఉండాలి, మూత లోపల టెఫ్లాన్ పొరో, ఏదీ లేకపోతే అల్యూమినియం రేకో ఉండాలి, చీకట్లో చల్లగా, 4 డిగ్రీల దగ్గర పెట్టి పంపాలి. పొర బాగా సన్నగా ఉంటే సీసా ముంచితే నీళ్లే వస్తాయి, దానికి టెఫ్లాన్ వలతో పొరను పైపైన తీసి ఆ వలనే సీసాలో వేయాలి. సీసా మీద చోటు, టైము, తీసిన మనిషి సంతకం, అక్కడి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో ఆ సంతకాలు వరసగా ఉండాలి. ఒకసారి ఒక సీసా వచ్చింది, చీటీ మీద "కాలువ నూనె" అని మాత్రమే ఉంది. ఏ కాలువ, ఎక్కడ, ఎప్పుడు? మేం దాన్ని పరీక్షించి చక్కగా గ్రాఫు గీసి ఇచ్చాం, ఆ గ్రాఫు ఎవరి ఫైల్లో ఉందో తెలియదు.

అన్నింటికంటే ముఖ్యమైనది, ఒక్క సీసా తీస్తే సరిపోదు. కాలువలోని నూనెను పరీక్షిస్తే అది డీజిలో, ఇంజిన్ ఆయిలో, ఫర్నేస్ ఆయిలో, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిలో, లేక హోటళ్ల వంట నూనో చెప్పగలం, వంట నూనెయితే పెట్రోలియంతో దానికి పోలికే ఉండదు కాబట్టి వెంటనే బయటపడుతుంది. ఫలానా ట్యాంకులోదే అని చెప్పాలంటే ఆ ట్యాంకులోంచి తీసిన సీసా కూడా పక్కన ఉండాలి. వేలిముద్ర దొరికినా అనుమానితుడి వేలిముద్ర లేకపోతే పోలీసులైనా ఏం చేస్తారు? ఇంకో సీసా తెట్టుకు ఎగువన, నూనె కనిపించని చోట తీయాలి. ఊళ్లోని కాలువల్లో రోడ్ల మీంచి కొట్టుకొచ్చే నూనె ఎప్పుడూ కొంత ఉంటుంది, పాతది ఏదో కొత్తది ఏదో విడదీయాలంటే ఆ సీసా తప్పదు. ఈ ఎగువ సీసా తీసేవాళ్లను నా సర్వీసులో చాలా అరుదుగా చూశాను.

ల్యాబ్‌లో ఏం చేస్తామంటే, గ్యాస్ క్రొమటోగ్రఫీ అనే పద్ధతిలో నూనెలోని వందలాది పదార్థాలను విడదీసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌తో గుర్తిస్తాం. గ్రాఫు మీద ఒక్కో పదార్థానికి ఒక్కో శిఖరం చొప్పున, తేలికవి ఎడమ వైపు నుంచి, వరసగా వస్తాయి. కొత్త డీజిలుకు నిటారుగా, సమదూరాల్లో, మధ్యలో ఎత్తుగా ఉండి రెండు వైపులా తగ్గుతూ పోయే శిఖరాలు. నీటి మీద ఎండకు రెండు రోజులు ఉంటే ముందు తేలిక పదార్థాలు ఆవిరై ఎడమ వైపు శిఖరాలు మాయమవుతాయి. తర్వాత సూక్ష్మజీవులు తినడం మొదలుపెడతాయి, నిటారు గొలుసుల్లాంటి హైడ్రోకార్బన్లను ముందు తింటాయి, ప్రిస్టేన్, ఫైటేన్ లాంటి కొమ్మలున్నవాటిని అంత తొందరగా ముట్టవు. నిటారువాటికీ కొమ్మలున్నవాటికీ మధ్య నిష్పత్తి చూస్తే తెట్టు తాజాదో పాతదో ఒక అంచనాకు రావచ్చు. లూబ్రికెంట్లు, బరువైన నూనెల్లో హోపేన్లని ఉంటాయి, కోట్ల ఏళ్ల కిందటి బ్యాక్టీరియా అవశేషాలు, అవి ఎండకూ వానకూ లొంగవు. ఏ ముడి చమురు నుంచి వచ్చిందో దాన్నిబట్టి వాటి పాళ్లు మారతాయి. వాడేసిన ఇంజిన్ ఆయిలుకు జింకు, ఫాస్ఫరస్, ఇంజిన్ అరిగిన ఇనుము, మసి పదార్థాలు అదనపు సాక్ష్యాలు. నీటి మీద నూనె ఎంత మారినా, మారని వాటిని పట్టుకుని పోలుస్తాం.

అయితే మా పరీక్షను దేవుడి వాక్కులా తీసుకోవద్దు. ఒకే డిపో నుంచి ఒకే రోజు రెండు బంకులకు డీజిల్ వెళ్లిందనుకోండి, రెండింటి గ్రాఫులూ ఒకటే. అప్పుడు ల్యాబ్ చేతులెత్తేస్తుంది. నిజం చెప్పాలంటే ఈ పరీక్ష "ఇతనే" అని చెప్పడంకంటే "ఇతను కాదు" అని చెప్పడంలో గట్టిది. అందుకే మ్యాన్‌హోళ్ల వెంట నడిచిన వాళ్ల రిపోర్టు, మా గ్రాఫు రెండూ ఒకే గేటు చూపించాలి. ఒకటి ఉండి రెండోది లేకపోతే అవతలి పక్క వకీలు పది నిమిషాల్లో ఎగరగొట్టేస్తాడు.

ఈ "ఇతను కాదు" అన్నదాని విలువ చిన్నవాళ్లకు తెలుస్తుంది. కాలువలో నూనె కనిపించగానే అందరి కళ్లూ గట్టు పక్కన ఉన్న మెకానిక్ షెడ్ మీదకే పోతాయి. అతని చొక్కా మీద నూనె ఉంది, నేల మీద నూనె ఉంది, నోరు లేదు. ఫైన్ వేసి ఫైలు మూసేస్తే అందరికీ సుఖం. మెకానిక్కులు పుణ్యాత్ములనను, పాత ఆయిల్ జాలీలో పోసేవాళ్లు ఉన్నారు, పట్టుకుంటే వదలక్కర్లేదు. కానీ ఎత్తయిన గోడల వెనక పెద్ద జనరేటర్లు, డీజిల్ ట్యాంకులు, బస్సులు కడిగే చోట్లు, బాయిలర్లు ఉంటాయి, వాటి నీళ్లు గోడ కిందనుంచి అదే లైనులోకి వస్తాయి, ఆ గేటు లోపలికి ప్యాడ్ పట్టుకుని వెళ్లడానికి మాత్రం ఎవరికీ కాళ్లు రావు.

అలాంటి చోట్ల ఆయిల్ సెపరేటర్ పెట్టామని చూపిస్తారు. నూనె తేలుతుంది, నీళ్లు అడుగు నుంచి పోతాయి, అదే దాని సూత్రం. పెట్టడం పెట్టారు గానీ, నేలను డిటర్జెంట్‌తో కడిగితే నూనె సన్నటి బిందువులుగా చిట్లి నీళ్లలో కలిసిపోతుంది, తేలదు, సెపరేటర్ దాటి హాయిగా బయటకు వెళ్లిపోతుంది. తనిఖీకి వచ్చినవాళ్లు తొట్టి మూత తీసి చూస్తే లోపల నూనె కనబడదు, బాగుందని రాసుకుపోతారు. తనిఖీలో అడగాల్సిన ప్రశ్న, నేల దేంతో కడుగుతున్నారు, తొట్టిలో చేరిన నూనె ఎప్పుడు తీశారు, ఎవరికి ఇచ్చారు, రసీదు ఏది.

కాలువ గట్టున సబ్బు నీళ్లు కొట్టడం కూడా ఇందుకే తప్పు. తెట్టు మాయమైనట్టు కనిపిస్తుంది, నిజానికి నీటి లోపలికి దిగింది, పైన ఉంటే తప్పించుకునే చేపలకు ఇప్పుడు ఒంటినిండా తగులుతుంది, మాకేమో నమూనా తీయడానికి పొర మిగలదు. నూనె పారిపోకుండా ఆపడానికి వేసే తేలే బూమ్‌లు కూడా నెమ్మది నీళ్లలోనే ఆగుతాయి, ప్రవాహం సెకనుకు 0.35 మీటర్లు దాటితే నూనె దాని కిందనుంచి జారిపోతుంది. చిన్న కాలువయితే ఇసుక బస్తాలతో అడ్డుకట్ట వేసి, అడుగున పైపు పెట్టి దాని ఎగువ నోరు నీటి మట్టానికి బాగా కిందికి ఉంచితే నీళ్లు అడుగు నుంచి పోతాయి, నూనె వెనకే ఆగుతుంది. ఖర్చు తక్కువ, పైగా సీసా నింపుకోవడానికి కావలసినంత నూనె ఒక చోట దొరుకుతుంది.

ఆగకుండా సన్నగా వచ్చే నూనె గురించి తర్వాత చెబుతానన్నాను. అన్ని మ్యాన్‌హోళ్లూ శుభ్రంగా ఉండి, కాలువ గోడ సందుల్లోంచో గట్టు మట్టిలోంచో నూనె ఊరుతుంటే అది భూగర్భంలోంచి వస్తోందని అర్థం. పాతిపెట్టిన ట్యాంకు కారితే నూనె భూగర్భ జలాల మీద తేలుతూ ఏళ్లపాటు మెల్లగా పల్లానికి జరుగుతుంది. న్యూయార్క్‌లో బ్రూక్లిన్, క్వీన్స్ మధ్య పారే న్యూటౌన్ క్రీక్ మీద 1978లో కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్ ఒక తెట్టును చూసింది. మూలం వెతుక్కుంటూ పోతే గ్రీన్‌పాయింట్ అనే పేట కింద 50 ఎకరాల పైచిలుకు మేర, పాత రిఫైనరీలు, నిల్వ ట్యాంకుల నుంచి దశాబ్దాలుగా దిగిన నూనె తేలింది. అప్పటి అంచనా 1.7 కోట్ల గ్యాలన్లు, అంటే ఆరు కోట్ల లీటర్లకు పైనే. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ వదిలిన చమురుకంటే ఇది ఎక్కువ. అదే పేటలో 1950లోనే డ్రైనేజీ పేలి మ్యాన్‌హోల్ మూతలు ఎగిరిపడ్డాయి. అప్పుడే గట్టిగా తవ్వి చూసి ఉంటే అన్నది వేరే సంగతి. ఇలాంటివాటికి బోర్లు వేసి నీటి మీద నూనె మందం కొలవాలి, పాత నక్షాలు తీసి ఒకప్పుడు అక్కడ ఏ బంకు ఉండేది, ఏ డిపో ఉండేది చూడాలి. ఓపిక కావాలి.

జనం చేసే ఫోన్లను తేలిగ్గా తీసుకోవడం మరో జబ్బు. 2010 జులై 25 సాయంత్రం అమెరికాలోని మిషిగన్‌లో ఒక పైపులైను పగిలి కాలమజూ నదిలోకి చమురు పోయింది. కంట్రోల్ రూమ్‌లో అలారాలు మోగాయి, లైనులో ఆవిరి బుడగ వల్లేమో అనుకుని రెండుసార్లు మళ్లీ పంపు వేశారు. వాసన వస్తోందని జనం ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేశారు, ఫైర్‌వాళ్లు వచ్చి తిరిగి చూసి ఏమీ కనబడక వెళ్లిపోయారు. 17 గంటల తర్వాత వేరే గ్యాస్ కంపెనీ ఉద్యోగి ఫోన్ చేస్తేగానీ కంపెనీకి తెలిసిరాలేదు. తర్వాత జరిగిన విచారణలో తేలిందేమంటే, కారిన చమురులో ఎక్కువ భాగం ఆ రెండుసార్లు పంపు వేసినప్పుడు పోయిందే. ఫిర్యాదులు ఏ గంటకు, ఏ వీధి నుంచి వచ్చాయో నక్షా మీద చుక్కలు పెడితే చాలు, ఎక్కడ మొదలైందో సగం తెలుస్తుంది. ఆ చుక్కలు పెట్టే గుమాస్తా కూడా దర్యాప్తులో భాగమే.

మనకు దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదల్లో చెన్నై పక్కన బకింగ్‌హాం కాలువలోంచి ఎన్నూరు క్రీక్ దాకా చమురు పాకింది, జాలర్ల పడవలు, వలలు నల్లబడ్డాయి. మా పైపులైన్లలో లీకేజీ ఏదీ లేదని మణలిలోని రిఫైనరీ సంస్థ మొదట చెప్పింది. పైపు పగలకపోవచ్చు. కానీ వాన నీళ్లు ఆవరణలో చేరిన చమురును మోసుకుని బయటకు వెళ్లాయని కాలుష్య నియంత్రణ మండలి తేల్చింది. "లీకేజీ లేదు" అన్న మాటతో విలేకర్లు వెనక్కి వచ్చేస్తే దర్యాప్తు అక్కడే ఆగిపోతుంది. అడగాల్సింది, మీ ఆవరణలో పడ్డ వాన నీళ్లు ఏ గేటు నుంచి పోతాయి అని. వరద వచ్చినప్పుడే నూనె కూడా ఎందుకు వస్తుందంటే, కొంత ప్రమాదం, కొంత అవకాశం అని నా అనుమానం. ఇది ఎన్నూరు గురించి అనడం లేదు, మామూలుగా అంటున్నాను. వాన పడే రాత్రి తొట్లు ఖాళీ చేస్తే ఎవరు చూస్తారన్న ధైర్యం చాలామందికి ఉంటుంది.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. ఈసారి కాలువలో తెట్టు కట్టిందని వార్త రాగానే విలేకరిని పంపేటప్పుడు, ఎన్ని లీటర్లు, ఎవరి నిర్లక్ష్యం అన్నవి కాసేపు పక్కన పెట్టమని చెప్పండి. మొదటి ఫిర్యాదు ఎన్ని గంటలకు వచ్చింది, నూనె కనిపించిన ఆఖరి మ్యాన్‌హోల్ ఏది, కనిపించని మొదటిది ఏది, సీసాలు ఎన్ని తీశారు, అందులో ఎగువ సీసా ఉందా, అనుమానం ఉన్న ట్యాంకుల నుంచి తీశారా, అవి గాజువేనా, ఏ ల్యాబ్‌కు ఏ రోజు వెళ్లాయి, ఇవి అడిగి రాయమనండి. జవాబు చెప్పకపోతే చెప్పలేదని రాయండి. నెల తిరిగాక ల్యాబ్ రిపోర్టు వచ్చిందా అని ఒక్క ఫోన్ చేయించండి, వస్తే అందులో ఏముందో, రాకపోతే రాలేదనో వేయండి, సింగిల్ కాలమ్ చాలు.

ఇట్లు,
చమురు పరీక్షల ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన మీ పాఠకుడు